యాకో జవాబు పాట

మా అన్న యాకోని ఎదురుగా నేనొక్క మాట అనలేను. అతను మా పెద్దమ్మ కొడుకు. మంచునేల మీద బతికే మా యూపిక్ వాళ్ళలో చెల్లెలికి అన్నని ఎగతాళి చేసే హక్కు లేదు. అతను చెప్పింది వినాలి, పెట్టింది తినాలి, నోటిదాకా వచ్చిన మాట మింగాలి. ఇన్నేళ్ళు మింగిన మాటలు కడుపులో బోలెడున్నాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కళ్ళద్దాలు పెట్టుకోవడం అతనికి నామోషీ కాబట్టి ఇది చదువుతాడన్న భయం నాకు లేదు.

ముందు అతని తప్పులు చెప్పి పుణ్యం కట్టుకుంటాను. "ఇదిగో బయల్దేరుతున్నా" అని చెప్పాక యాకో ఇంకోసారి టీ తాగుతాడు. తన పడవ మోటారు మీద ఈగ వాలనివ్వడు. ఆ మోటారు వయసెంతో అతనికే తెలీదు. నది మధ్యలో ఆగినప్పుడల్లా దానికి జలుబు చేసిందంటాడే తప్ప పాడైందని ఒప్పుకోడు. కొత్తది కొనుక్కోమంటే మొహం అటు తిప్పేసుకుంటాడు. తన ఆవిరి స్నానాల గదిని తనే కట్టుకున్నాడు, తలుపు మాత్రం సరిగా పడదు, పడుతుందని వాదిస్తాడు.

ఇక రెండో వైపు. వేటలో దొరికినదాంట్లో మొదటి వాటా ఎప్పుడూ యాకో ఇంటికి చేరదు. మగదిక్కు లేని ఇళ్ళ గుమ్మాల్లో పెట్టేసి, తలుపు తట్టకుండా వచ్చేస్తాడు. లోపలివాళ్ళు బయటికొచ్చేసరికి సీల్ మాంసం ఉంటుంది, మనిషి ఉండడు. ఎవరైనా థాంక్స్ చెబితే ఎక్కడ నిలబడాలో తెలియని మనిషి. మా కుయిగ్గాక్ ఊళ్ళో బడికి నూనె పీపాలు మోసేది అతనే, పొయ్యి ఆగిపోతే బాగుచేసేది అతనే, విమానం దిగినవాళ్ళని మంచుబండి వెనక స్లెడ్జిలో ఊళ్ళోకి తెచ్చేదీ అతనే. అదే బళ్ళో నేను చిన్నపిల్లలకి మా భాష చెబుతాను. ఇవన్నీ చేసేవాళ్ళు వేరే ఊళ్ళలోనూ ఉంటారు. కానీ యాకోలా పాట కట్టేవాడు ఈ నది పొడుగునా లేడు. ఈ మాట అతని మొహాన అన్నా తప్పులేదు గానీ, అంటే లేచి వెళ్ళిపోతాడు.

యాకో పాటలన్నీ మా బావ ఇరాలుక్ మీదే. ఇరాలుక్ పాటలన్నీ యాకో మీదే.

ఇరాలుక్ మా మేనమామ కొడుకు. అంటే యాకోకి బావ, నాకూ బావే. బావ అంటే మా దగ్గర ఉత్తి వరస కాదు, అదొక ఉద్యోగం. ఎవరి తప్పు వాళ్ళ మొహాన చెప్పడం మాకు మర్యాద కాదు. తండ్రి చెప్పడు, పాస్టరు చెప్పడు, పెళ్ళాం గొణిగి ఊరుకుంటుంది. బావ మాత్రం నలుగురిలో చెప్పచ్చు, అదీ నవ్విస్తూ చెప్పాలి. అనిపించుకున్నవాడు ఉడుక్కోకూడదు, ఇంకా గట్టిగా తిరిగి అనాలి. ఒకసారి యాకో పొద్దుటినుంచీ మధ్యాహ్నందాకా పొదల్లో బోర్లా పడుకుని ఒక దుప్పి మీద గురిపెట్టాడు. తీరా చూస్తే అది ఎవరో చెట్టుకొమ్మ మీద ఆరేసిన గోధుమరంగు టార్పాలిన్. ఆ చలికాలం నృత్యాల్లో ఇరాలుక్ దాన్ని పాట కట్టి వదిలాడు. డప్పులవాళ్ళు నవ్వాపుకోలేక దెబ్బ తప్పారు. యాకో ఊరుకున్నాడా? ఇరాలుక్ పడవని ఒక మంచుపెళ్ళకి కట్టి నిద్రపోతే, ఆ పెళ్ళ పడవని తీసుకుని సముద్రం వైపు పోయిన సంగతి పాట కట్టాడు. పాట నచ్చితే "పమ్యువా!" అని అరుస్తాం, మళ్ళీ పాడమని. ఆ రోజు అరిచి అరిచి నా గొంతు పోయింది.

ఇరాలుక్‌కి ఇంకో అలవాటుండేది. ఇంటికి రాగానే బూట్లు విప్పి గుమ్మం పక్కన తారుమారుగా పెట్టేవాడు, ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు. పొద్దున్నే నిద్రకళ్ళతో అలాగే కాళ్ళు దూర్చి బయటికి పోయేవాడు. అతని భార్య ఓకలీన అక్క కాపురం చేసినన్నాళ్ళూ ఆ బూట్లు సరిచేస్తూనే ఉంది, తిడుతూనే ఉంది.

పోయిన వేసవి చివర, చేపలు ఎండబెట్టే రోజుల్లో, ఇరాలుక్ కొత్త పాట కట్టాడు. యాకో మోటారు మీద. అది ముసలాడిలా దగ్గుతుందట, యాకోకి మోటారు ఉన్నదే తెడ్డు వేయడం నేర్పడానికట. ఏటి ఒడ్డున అందరం పడి పడి నవ్వాం. యాకో లేచి నిలబడి, "ఉండు బావా, దీనికి జవాబు కడతా. అది విన్నాక ఊళ్ళో తలెత్తుకు తిరగలేవు" అన్నాడు.

"నువ్వు కట్టేసరికి నాకు పళ్ళూడిపోతాయి" అన్నాడు ఇరాలుక్.

అదే వాళ్ళిద్దరి ఆఖరి మాట. యాకో దుప్పి వేటకి నది పైకి వెళ్ళాడు. వేటలో ఒక్కడే పాట కట్టుకున్నాడు. ఇక్కడ ఇరాలుక్ వల లాగి, అలసటగా ఉందని ఒడ్డున కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. కబురందగానే యాకో వచ్చాడు. ఆ రోజు మోటారు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ మాట తర్వాత నాతో అతనే చెప్పాడు, "ముండ మోటారు, ఆ రోజే బాగా నడిచింది" అని.

అప్పట్నుంచీ యాకో పాడలేదు. నృత్యాలకి వచ్చేవాడు, డప్పు తెచ్చేవాడు, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కర్ర ఆనించేవాడు కాదు. కొత్త పాట కట్టమని పెద్దలు చూచాయగా అడిగితే కిటికీలోంచి బయటికి చూసేవాడు. నాకు అర్థమైంది. కట్టిన జవాబు గొంతులో అడ్డంపడి ఉంది. అది బయటికి రాకుండా వెనకవి ఎలా వస్తాయి? దాన్ని ఎవరికి పాడాలో ఆ మనిషి లేడు. "ఏరా, మూగవాడివైపోయావా" అని అడిగి కదిలించాల్సింది బావ. ఆ ఉద్యోగం ఖాళీ అయిపోయింది. నేను చెల్లెల్ని, నోరు కట్టేసి ఉన్నదాన్ని.

ఇంకోటి కూడా ఖాళీగా ఉండిపోయింది. మాలో పోయినవాళ్ళ పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెడతాం. ఆడా మగా చూడం. పేరుతో పాటు మనిషీ వస్తాడు. మా మనవరాలికి మా అత్త పేరు పెట్టాం కాబట్టి అది ఉయ్యాల్లో ఉండగానే నేను దాన్ని "అత్తా" అన్నాను. కానీ ఇరాలుక్ పోయాక ఊళ్ళో ఒక్క బిడ్డా పుట్టలేదు. అతని పేరు ఎక్కడా దిగడానికి చోటు లేక గాల్లోనే ఉండిపోయింది.

ఇలా ఉండగా యాంకరేజ్ బడి పిల్లలు వచ్చారు.

మా బడికీ ఆ పట్నం బడికీ ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలయ్యాయి. ముందు మా పిల్లలు అక్కడికెళ్ళి వారం రోజులుండి వచ్చారు. అక్కడి టీచర్లు ఏదడిగినా మావాళ్ళు ఔనని కనుబొమలు ఎత్తారట. వాళ్ళు అది చూడక మళ్ళీ అడగడం, వీళ్ళు ఇంకా పైకి ఎత్తడం. చివరికి కనుబొమలు జుట్టులో కలిసిపోయాయని చెప్పి మా పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. ఇప్పుడు వాళ్ళ వంతు. మార్చి నెల, నది మీద మంచు గట్టిగా ఉంది, వెలుతురు పెరిగింది. చివరి రోజు మధ్యాహ్నం బడి హాల్లో అతిథుల కోసం నృత్యాలు. అతిథులొస్తే వాళ్ళ ముందు కొత్త పాట పాడకపోవడం మాకు తలవంపు. ఊరంతా యాకో వైపు చూసింది.

విమానం దిగిన నలుగురు పిల్లల్లో ఒకమ్మాయి మారెన్. పద్నాలుగేళ్ళుంటాయి, వెదురుబద్దలా సన్నగా ఉంది. మా కుక్క తన కాలు తొక్కితే ఆ కుక్కకి సారీ చెప్పింది. స్లెడ్జిలో కూర్చుంటూ స్లెడ్జికి కూడా చెప్పిందేమో, నేను సరిగా వినలేదు. వాళ్ళతో వచ్చిన టీచరు మిసెస్ డోర్న్ మంచి మనిషే. పిల్లల్ని కోడిపెట్టలా రెక్కల కింద పెట్టుకుని తిరిగే రకం. యాకో వాళ్ళ సామాన్లన్నీ సర్ది, దుప్పట్లు కప్పి, ఒక్క మాట మాట్లాడకుండా ఊళ్ళోకి తెచ్చి దింపాడు.

మారెన్‌కి ఓకలీన అక్క ఇంట్లో బస ఇచ్చారు. నేనే తీసుకెళ్ళాను. ఆ పిల్ల గుమ్మంలో వంగి బూట్లు విప్పింది. విప్పి పక్కన పెట్టింది. ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు.

ఓకలీన అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. నేను కనుబొమలెత్తాను, చూశానని. అక్క నీళ్ళ పీపాలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఆ పిల్ల చేత తాగించింది, నాలుగు చుక్కలు తల మీద చల్లింది. మాలో పేరు దింపేది అలాగే, బిడ్డకైనా అతిథికైనా. "ఇరాలుక్" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఏమయ్యా, ఎంతసేపటికి వచ్చావు! ఆ బూట్లు మాత్రం మార్చుకోలేదు కదా నువ్వు!" అని కసిరింది.

మారెన్‌కి నేను ఇంగ్లీషులో చెప్పాను, ఇది ఆవిడ భర్త పేరు, నీకు ఇచ్చింది అని. "థాంక్యూ" అంది, తర్వాత అలవాటుగా "సారీ" కూడా అంది. అక్క ఇరాలుక్ బీవర్ తోలు టోపీ తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టింది. కళ్ళదాకా దిగింది.

మర్నాడు పొద్దున్నే యాకో వేటాడిన మంచుకోళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి జారుకోబోతుంటే అక్క తలుపు తీసి పట్టుకుంది. "అన్నయ్యా, లోపలికి రా. మీ బావ వచ్చాడు" అంది.

యాకో వచ్చాడు. బల్ల దగ్గర ఆ టోపీ పెట్టుకుని గట్టి బిస్కెట్టు కొరుక్కుంటున్న పిల్లని చూశాడు. గుమ్మం పక్కన బూట్లు చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి ముక్కు చీదుకుని వచ్చాడు.

"ఏం బావా," అన్నాడు ఇంగ్లీషులోనే, గొంతు పెంచి, "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు? పట్నం పోయి తిండి మానేశావా ఏంటి, పుల్లలా అయ్యావు! నిన్ను డప్పుకర్రగా వాడుకోవచ్చు."

అక్క పకపకా నవ్వింది. నేను బయటికి పరిగెత్తాను, అన్న ముందు నవ్వకూడదని. అతని నోట అంత పొడుగు మాట విని ఎన్నాళ్ళయిందో! మారెన్ మాత్రం ఎర్రబడిపోయి బిస్కెట్టు కింద పెట్టేసింది.

ఆ రోజు నుంచీ యాకోకి నోరు తిరిగొచ్చింది. నది మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టడం నేర్పుతూ, "బావా, అలా వంగకు, చేపలు నీ మొహం చూస్తే అడుక్కి పోతాయి" అనేవాడు. ఆ పిల్ల ఎలాగో పెద్ద చేపని పైకి లాగింది. అది మంచు మీద కొట్టుకుంటుంటే "సారీ, సారీ" అంటూ దాని పక్కన కూర్చుంది. యాకో నలుగురినీ పిలిచి చూపించాడు. "చూడండ్రా, మా బావ చేపకి క్షమాపణ చెబుతున్నాడు! రేపు సీల్ దొరికితే దాని ఇంటికెళ్ళి పెళ్ళాం బిడ్డల్ని ఓదార్చి వస్తాడు."

అని, ఆగి, ఆ పిల్ల మొహంలోకి చూసేవాడు. తిరిగి ఏదైనా అంటుందని. పిల్ల తలొంచుకునేది. కాసేపుండి ఇంకొకటి అనేవాడు, కొంచెం మెల్లిగా. బంతి విసిరి చేతులు చాపి నిలబడ్డ మనిషిలా ఉండేవాడు. బంతి వెనక్కి రాలేదు.

మూడో రోజు మిసెస్ డోర్న్ నన్ను బళ్ళో పక్కకి పిలిచింది. "ఆ పెద్దాయన మా అమ్మాయిని అందరిలో ఎందుకలా అవమానిస్తున్నారు? రాత్రి ఏడ్చింది. తనని నాతోపాటు బళ్ళోనే పడుకోబెడతాను. ఇది ఆగకపోతే ముందే వెనక్కి తీసుకెళ్ళిపోతాను."

నాకు మొదట ఒళ్ళు మండింది. "ఆయన తన బావతో సరసమాడుతున్నాడండీ" అన్నాను.

"ఆ అమ్మాయి ఎవరి బావా కాదు, మిస్ మత్రోనా. తనొక చిన్నపిల్ల. ముందు చదివిన బళ్ళో తోటిపిల్లలు యేడాదంతా ఏడిపించారు. నడకని వెక్కిరించారు, మాటని వెక్కిరించారు. బడి మారితే గానీ ఊపిరి తీసుకోలేకపోయింది. ఇక్కడికి పంపడానికి వాళ్ళమ్మని ఎంత బతిమాలానో మీకు తెలీదు."

నా కోపం దిగిపోయింది. ఆవిడకి ఇదంతా ముందే చెప్పాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. బావ అంటే ఏమిటో చెప్పడమంటే మాకు మంచు చల్లగా ఉంటుందని చెప్పడంలాంటిది. ఆ సారీలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది. ఎవరూ తన్నకముందే పక్కకి తప్పుకునే అలవాటు అది.

యాకోకి ఈ సంగతి చెప్పడం నా నెత్తినే పడింది. పొయ్యి గదిలో పైపు బిగిస్తున్నాడు. చెప్పాను. పానా కింద పెట్టాడు.

"ఏడ్చిందా?"

"ఏడ్చిందటన్నయ్యా. ఒక్కతే."

"నేను... మా బావ వచ్చాడనుకున్నా కదే" అన్నాడు. పానా తీసుకుని మళ్ళీ పైపు బిగించాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

ఆ సాయంత్రం అక్క గుమ్మంలో ఎండుచేపల కట్ట ఉంది. మనిషి లేడు. మర్నాడు నది మీద పిల్లలకి గాలం వేయడం చూపిస్తూ మారెన్ వైపు చూడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మళ్ళీ పాత యాకో. కాదు, అంతకంటే పాడు. ఇదివరకు ఒకసారి పోయిన బావ ఇప్పుడు రెండోసారి పోయాడు.

నృత్యాలకి ముందురోజు అక్క వంటింట్లో మంచుకోళ్ళ ఈకలు పీకుతున్నాం, నేనూ అక్కా మారెన్. ఆ పిల్లని అక్క దగ్గరే ఉండనిచ్చారు; తనే ఉంటానందట. మిసెస్ డోర్న్ "నువ్వు చాలన్న క్షణం వచ్చేయ్" అని చెప్పి పంపింది. ముక్కు మీద ఈక అంటుకుని ఉండగా మారెన్ అడిగింది. "ఆయన నాతో మాట్లాడ్డం ఎందుకు మానేశారు? నామీద కోపమా?"

నేను అక్కకి మా భాషలో చెప్పాను. అక్క చెప్పింది మారెన్‌కి ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ళ మధ్య నేను పడవలా అటూ ఇటూ తిరిగాను.

"కోపం కాదయ్యా. నీకు నొప్పి కలిగిందని మానేశాడు."

"మా పాత బళ్ళో కూడా నన్ను చూసి నవ్వేవాళ్ళు."

"ఎందుకు నవ్వేవాళ్ళు?"

మారెన్ ఆలోచించింది. "నేను వెళ్ళిపోవాలని."

అక్క చేతిలో కోడిని పక్కన పెట్టింది. "యాకో నువ్వు వెళ్ళిపోకూడదని నవ్వాడు. మా మనిషి కానివాణ్ణి మేం ఏమీ అనం. మంచినీళ్ళిచ్చి పంపేస్తాం. నిన్ను అన్నాడంటే నువ్వు ఈ ఊరివాడివి. నువ్వు తిరిగి అనకపోతే పాపం వాడికే ఎవరూ లేనట్టు."

తర్వాత అక్క అంతా చెప్పింది. తారుమారు బూట్లు, మోటారు పాట, ఏటి ఒడ్డు, కడతానన్న జవాబు, ఒళ్ళో డప్పు. చెబుతూ చెబుతూ పీకిన ఈకలనే మళ్ళీ పీకింది. మారెన్ ఒక్క సారీ కూడా చెప్పకుండా వింది.

"ఆ జవాబులో ఏముంది?" అని అడిగింది.

"ఎవరికి తెలుసు? నాకు కూడా వినిపించలేదు" అంది అక్క.

చివరి రోజు హాలు కిక్కిరిసింది. మగవాళ్ళు డప్పులు పట్టుకుని వరసగా కూర్చున్నారు. యాకో చివర కూర్చున్నాడు, డప్పు ఒళ్ళో ఉంది. ఆడవాళ్ళం వెనక నిలబడి ఆడాం, మగపిల్లలు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆడారు. పట్నం పిల్లలు కూడా చేతులు కలిపారు. మిసెస్ డోర్న్ చప్పట్లు ఒక్కటి కూడా డప్పుతో కలవలేదు గానీ మనసుపెట్టి కొట్టింది. పాత పాటలన్నీ అయిపోయాయి. ఇక కొత్త పాట పాడాలి. డప్పులు ఆగాయి. ఎవరూ యాకో వైపు చూడలేదు, అందరూ పనిగట్టుకుని చూడలేదు. అన్న కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడు మారెన్ లేచింది. అక్క కుట్టిన పువ్వుల చొక్కా వేసుకుంది, నెత్తిన బీవర్ టోపీ ఉంది. కాళ్ళకి బూట్లు తారుమారుగా తొడుక్కుంది, కావాలనే. బాతులా నడుచుకుంటూ హాలు మధ్యకొచ్చి యాకో ముందు నిలబడింది. మిసెస్ డోర్న్ కుర్చీలోంచి సగం లేచింది. మారెన్ ఆవిడ వైపు చూసి కనుబొమలు ఎత్తింది. ఆవిడకి అర్థమైందో లేదో, కూర్చుంది.

"యాకో!" అంది ఆ పిల్ల. గొంతు వణికింది. ఇంగ్లీషులో ఏదో అంది. యాకోకి తెలిసింది గానీ, ముందు వరసలో ముసలమ్మలకి తెలీలేదు. వాళ్ళు మెడలు చాచారు.

"మత్రోనా, అందరికీ చెప్పవే" అని అరిచింది ఓకలీన అక్క.

"అక్కా! అన్నయ్యని నేనెలా అంటానే?"

"నువ్వేమిటే అనేది? అంటున్నది మీ బావ. నీది నోరు మాత్రమే. చెప్పు!"

దేవుడు నాకిచ్చిన అవకాశం అనుకున్నాను. గొంతు సవరించుకుని హాలంతా వినపడేలా చెప్పాను.

"యాకో, డప్పెందుకు మోసుకొస్తున్నావురా? కొట్టవు, కింద పెట్టవు! పక్కింటివాళ్ళ పిల్లని ఎత్తుకున్నట్టు కూర్చుంటావేంటి, ఒళ్ళో తడిపేస్తుందని భయమా?" ఆ ఒళ్ళో తడపడం మారెన్ అన్నది కాదేమో, నాదే కలిసి ఉంటుంది. ఒట్టేసి చెప్పలేను.

ముసలమ్మలు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. యాకో తలెత్తాడు.

మారెన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఈసారి గొంతు వణకలేదు. నేను చెప్పాను. "నీ మోటారు మీద నేను పాట కట్టాను. జవాబు చెబుతానన్నావు. ఏదీ? నాకు పళ్ళింకా ఊడలేదు. నీ మోటారులాగే నీ నోరు కూడా నది మధ్యలో ఆగిపోయిందా బావా?"

యాకో ఆ పిల్లని కింద నుంచి పైదాకా చూశాడు. బూట్ల దగ్గర అతని చూపు ఆగింది. అక్కడే ఉండిపోయింది. పొమ్మంటాడో, లేచి పోతాడో అనుకున్నాను.

"నీళ్ళు" అన్నాడు.

ఎవరో గ్లాసు అందించారు. అరచేత్తో నీళ్ళు తీసి డప్పుతోలు మీద మెల్లిగా పులిమాడు. చలికాలమంతా ఎండిన తోలు. చుట్టూ ఒకసారి, మధ్యలో ఒకసారి. కర్ర తీసి ఒక దెబ్బ వేసి విన్నాడు. ఇంకొకటి వేశాడు. మిగతా డప్పులవాళ్ళు కర్రలెత్తి పట్టుకున్నారు.

"నా జవాబు చాన్నాళ్ళ కిందే తయారైంది," అన్నాడు మారెన్‌తో. "నువ్వే వినకుండా పోయావు. ఇప్పుడు కూర్చుని విను, దొంగా."

వేటలో ఒంటరిగా కట్టిన పాట, ఇరాలుక్ బతికుండగా కట్టిన పాట, మేమెవరమూ అంతవరకు వినని పాట పాడాడు.

*మా బావ పొద్దున్నే బయల్దేరాడు*
*ఎడమ బూటు కుడికాలికి, కుడి బూటు ఎడమకాలికి*
*పడమటికి పోవాలనుకున్నాడు, సీల్ కోసం*
*కాళ్ళు ఒప్పుకోలేదు*
*తూర్పుకి పోవాలనుకున్నాడు, దుప్పి కోసం*
*కాళ్ళు ఒప్పుకోలేదు*
*ఎంత దూరం పోయినా, ఎటు పోయినా*
*తిరిగి తిరిగి మా బావ తన గుమ్మం ముందుకే వచ్చాడు*
*ఓకలీనా, తలుపు తియ్యి*

నవ్వించడానికి కట్టిన పాట అది. ఏటి ఒడ్డున విని ఉంటే దొర్లి దొర్లి నవ్వేవాళ్ళం. అప్పుడు మాత్రం పాట అయిపోయినా ఎవరూ కదల్లేదు. డప్పుల మోత గోడల్లోంచి ఇంకా వస్తున్నట్టుంది. నేను చెవిలో ఇంగ్లీషులో చెప్పిన మాటలు విని మారెన్ తన బూట్ల వైపు చూసుకుంటోంది.

"పమ్యువా!" అని మొదట అరిచింది ఓకలీన అక్క. చెంపలు తడిసి ఉన్నాయి, నోరంతా నవ్వుంది. ఆ తర్వాత హాలు కప్పు ఎగిరిపోయేలా అందరం అరిచాం. నేను అన్న ముందు నవ్వాను, ఏడ్చాను, రెండూ తప్పే, ఎవరూ పట్టించుకోలేదు.

యాకో మళ్ళీ డప్పెత్తాడు. తన మీది పాట కాబట్టి మారెన్ ముందుకొచ్చి మగవాళ్ళ చోట మోకాళ్ళ మీద కూర్చుని ఆడింది. పడమటికి పోబోయింది, తూర్పుకి పోబోయింది, ప్రతిసారీ కాళ్ళు తనని వెనక్కి లాగినట్టు గిరుక్కున తిరిగింది. ముసలమ్మలు పొట్టలు పట్టుకున్నారు. ఎక్కడా సారీ చెప్పలేదు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి యాకో పాట ఆగిపోయింది. కర్ర మాత్రం ఆగలేదు. ఆ మాట మేమంతా పాడాం.

"ఓకలీనా, తలుపు తియ్యి."

అక్క కుర్చీలోంచే చేయి చాపి అరిచింది. "తీసే ఉందయ్యా, లోపలికి రా!"